‘కలెక్ట్’ చేయడమే నా ఉద్యోగం

రియాద్‌లో నా ఇకామా మీద, అంటే అక్కడ ఉండి పనిచేయడానికి సర్కారిచ్చే కార్డు మీద, వృత్తి ‘కేటరింగ్ సూపర్‌వైజర్’ అని ఉండేది. ఇరవై మూడేళ్లలో నేను ఒక్క మనిషికి ఒక్క ముద్ద వడ్డించింది లేదు. ఆ వీసా దొరికింది, ఆ వీసా మీద వెళ్లాను, అంతే. ఆఫీసులో నన్ను అడ్మిన్ అసిస్టెంట్ అనేవాళ్లు. భవనాల మెయింటెనెన్స్ చేసే ఒక మోస్తరు కంపెనీ మాది. ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, క్లీనర్లు ఉండే క్యాంపుకూ, కంపెనీ ఆఫీసుకూ మధ్య తిరగడం నా పని. ఆ పనంతా ఒక్క ఇంగ్లీషు మాటలో ఇమిడిపోతుంది. కలెక్ట్.

పొద్దున కంప్యూటర్ తెరిస్తే చాలు, ఆ మాట ఎదురయ్యేది. టైంషీట్లు కలెక్ట్ చెయ్. పాత యూనిఫాంలు కలెక్ట్ చెయ్. మధ్యాహ్నం ఫ్లైట్‌కి ముగ్గురొస్తున్నారు, కలెక్ట్ చెయ్. ఆసుపత్రి నుంచి రిపోర్టులు, క్యాంపు నుంచి సంతకాలు, ఖాళీ అయిన రూముల తాళాలు, అన్నీ కలెక్షనే. తాయిఫ్‌లో మా ఎలక్ట్రీషియన్ ఒకతను గుండె ఆగి చనిపోతే, అతని పెట్టె తెమ్మని వచ్చిన మెయిల్లోనూ అదే మాట. యూనిఫాంలకు వాడిన మాటే చచ్చిపోయినవాడి పెట్టెకూ వాడారని ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది. రాసినవాడు మాత్రం ఏం చేస్తాడు, వాడికొచ్చిన మాట అదొక్కటే.

మన తెలుగులో అలా కుదరదు. టైంషీట్లు పోగు చేస్తాం. బాకీ వసూలు చేస్తాం. చేలో మిగిలిపోయిన వేరుశనక్కాయలు ఏరుకుంటాం. జనాన్ని కూడగడతాం. మనిషిని ఎదురెళ్లి తీసుకొస్తాం. పోయినవాడి పెట్టె ఇంటివాళ్లకు అప్పగిస్తాం. ఒక్కో పనికి ఒక్కో మాట, ఒక్కో మర్యాద. చేరిన కొత్తలో ఇంగ్లీషు పద్ధతే నాకు సుఖంగా ఉండేది. ఒక్క మాట వస్తే ఉద్యోగం నడిచిపోతుంది కదా! దాంతో వచ్చిన చిక్కేమిటో చాలా ఆలస్యంగా తెలిసింది. ఎవరి చేతిలోంచి తీసుకుంటున్నామో ఆ మాట చెప్పదు. తిరిగి ఎప్పుడివ్వాలో అసలే చెప్పదు.

మా బంధువుల్లో ఇద్దరు ఇప్పుడు గల్ఫ్‌లో ఇదే రకం ఉద్యోగాలకు వెళుతూ, ఏం జాగ్రత్తలు తీసుకోవాలని అడిగారు. ఎక్సెల్, అరబ్బీ టైపింగ్ నేర్చుకోండని చెప్పి పంపేశాను. అసలు చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

మనిషిని తీసుకురావడం

నా మొదటి బాస్ సూడాన్ పెద్దాయన, ఇద్రీస్ గారు. ఆరడుగుల మనిషి, మాట మాత్రం గొంతు దాటి బయటికి వచ్చేది కాదు. ఎయిర్‌పోర్టు నుంచి కొత్తవాళ్లను తీసుకురావడం నాకు నేర్పింది ఆయనే. పేరు రాసిన అట్ట పట్టుకుని నిలబడితే చాలదని చెప్పేవాడు. దిగినవాడు భయంతో ఉంటాడు, అట్ట చదవడు, ఎవరు చెయ్యి ఊపితే వాళ్ల వెంట పోతాడు. కాబట్టి ముందు నీళ్ల బాటిలివ్వాలి. ఇంటికి ఫోన్ చేయించాలి. ఆ తర్వాతే పాస్‌పోర్టు అడగాలి. పాస్‌పోర్టు తీసుకోగానే చిన్న చిట్టీ మీద పేరు, నంబరు, తీసుకున్నవాడి సంతకం, స్టాంపు వేసి చేతికివ్వాలి. “నువ్వు తీసుకున్నది వాడి మెడ. వాడి దగ్గర కనీసం కాగితమైనా ఉండనీ” అనేవాడు అరబ్బీలో.

రాజలింగాన్ని అలాగే ఒక మధ్యాహ్నం తీసుకురావడానికి వెళ్లాను. జగిత్యాల దగ్గరి పల్లె. సన్నగా, పొడుగ్గా, నలభైకి అటూ ఇటూ ఉన్నాడు. వీసా ప్లంబర్‌ది. ఆయనతో దిగిన ఇద్దరూ ఎయిర్‌పోర్టు లైట్లు చూసి నోళ్లు తెరుచుకుంటే, ఈయన బాత్రూంలోకి వెళ్లొచ్చి, “సార్, గా మూడో నల్ల కారుతున్నది. వాషర్ వోయింది” అన్నాడు. సౌదీలో దిగి అరగంట కాలేదు. నాకు నవ్వొచ్చింది.

చిట్టీ రాసిస్తే తీసుకోలేదు. “చిట్టీ ఎందుకు సార్? నువ్వు మన తెలుగోనివి గద. నీ చేతుల వెట్టినంక ఇంకేంది” అన్నాడు. ఇద్రీస్ గారు ఇవ్వాల్సిందేనంటే జేబులో కుక్కుకున్నాడు.

చిట్టీ అడగనివాళ్లు

మూడేళ్లకు ఇద్రీస్ గారు ఖార్టూమ్ వెళ్లిపోయారు. నెల తిరక్కముందే చిట్టీలు మానేశాను. ఎవరూ మానమనలేదు. నేనే మానాను.

దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ తప్పు చేసేది మనవాళ్లే. బంగ్లాదేశీ అయితే చిట్టీ లేకుండా చేతిలోంచి కాగితం వదలడు. ఫిలిప్పీనో ఫోన్లో ఫోటో తీసుకున్నాకే ఇస్తాడు. మన తెలంగాణ జిల్లాల మనిషికి మాత్రం తెలుగు సార్‌ని చిట్టీ అడగడమంటే సార్ ముఖాన ఉమ్మినట్టే. ఎంత అవసరమున్నా అడగడు. పైగా వాళ్లకు ఒక పద్ధతి ఉండేది. ప్రతి రూముకూ ఒక పెద్దమనిషి. వంట వంతులు, ఏసీ తగాదాలు, ఊరికి ఫోన్లు, అన్నీ ఆయన తీర్చాల్సిందే. ఆఫీసు ఏదడిగినా రూమంతటి కాగితాలూ ఆయనే పోగు చేసి, రబ్బరు బ్యాండు వేసి, తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు. ఎనిమిది మంది పేర్లు రాసుకుని ఎనిమిది చిట్టీలు ఇవ్వడం కంటే, ఒక కట్ట తీసుకుని “సరేప్పా” అనడం నాకు సుళువు.

సుళువు ఒక్కటే కాదు, గర్వం కూడా. ‘నా దగ్గర ఎవడూ రసీదు అడగడు’ అని పక్క కంపెనీల వాళ్లతో చెప్పుకునేవాణ్ని. వాళ్ల నమ్మకాన్ని నా మంచితనం కింద జమకట్టుకున్నాను. సిగ్గుచేటైన లెక్క అది.

పద్నాలుగో రూముకు పెద్దమనిషి రాజలింగం. తొమ్మిదేళ్లలో ఆయన మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. మా ఇంటికీ రెండుసార్లు వచ్చాడు, ఒకసారి గీజరుకు, ఒకసారి వంటింటి కొళాయికి. మా ఆవిడ హుసేన్‌బీ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెడితే, “అక్కా, గీ బొరుగుల ఉప్మా మా దిక్కు లేదు, మస్తుంది” అని రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. మేం నూర్‌బాషాలం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. అందుకే ఆయనకు మా ఇల్లు పరాయిల్లులా అనిపించలేదనుకుంటాను.

రెడ్

నితాకత్ వచ్చింది. ప్రతి కంపెనీలో సౌదీలు ఎంతమంది ఉండాలో సర్కారు లెక్క కట్టి, లెక్క సరిపోయినవాళ్లను గ్రీన్‌లో, సరిపోనివాళ్లను రెడ్‌లో పెట్టింది. రెడ్‌లో పడ్డ కంపెనీ తన మనుషుల ఇకామాలు రెన్యువల్ చేయించడానికి వీల్లేదు. ఇంకో నిబంధన కూడా ఉండేది. రెడ్ కంపెనీ మనిషి, కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని ఒప్పుకోకపోయినా, గ్రీన్ కంపెనీకి మారిపోవచ్చు. దానికో గడువు పెట్టారు. ఆలోపు మారాలి, లేదంటే ఎగ్జిట్ వీసా వేయించుకుని ఇంటికి పోవాలి.

మా కంపెనీ రెడ్‌లో పడింది.

అప్పటి నా బాస్ ఖాదర్ సాబ్. హైదరాబాద్ పాతబస్తీ మనిషి. మంచివాడా చెడ్డవాడా అంటే ఇప్పటికీ చెప్పలేను. మనిషికి జ్వరమొస్తే తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్లేవాడు. అదే మనిషికి సెలవివ్వమంటే మూడు నెలలు తిప్పేవాడు. ఒక పెద్ద భవనం కాంట్రాక్టు మా చేతిలో ఉంది. నాలుగు రూముల్లో ఉన్న ముప్పై ఒక్క మంది దాని మీదే పనిచేస్తున్నారు. వాళ్లు మారిపోతే కాంట్రాక్టు పోతుంది.

ఒకరోజు మెయిల్ వచ్చింది. ‘రెన్యువల్ నిమిత్తం ఒరిజినల్ ఇకామాలు కలెక్ట్ చేయగలరు.’ ఖాదర్ సాబ్ దగ్గరికి వెళ్లాను.

“సాబ్, మనం రెడ్‌లో ఉన్నాం గదా. రెన్యువల్ యాడ అవుతుంది?”

“అరె మస్తాన్ భాయ్, నీకెందుకయ్యా అంత టెన్షన్? సౌదీలను పెట్టుకుంటున్నం, గ్రీన్ అయితం, అప్పుడు రెన్యువల్ అయితది. అంతవరకు కార్డులు మన తాన సేఫ్. వాళ్ల తాన ఉంటే నాలుగు రోజుల్ల అందరు బతా బజార్ల కొత్త కఫీల్‌ని పట్టుకుంటరు. నాకూ పైన కఫీల్ ఉన్నడు కదా, బోలో!”

అంటే సంగతి ఆయన దాచలేదు. నాకు తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేకుండా పోయింది.

ఆ సాయంత్రం క్యాంపుకెళ్లి, నలుగురు రూము పెద్దమనుషులనూ పిలిచి, “రెన్యువల్‌కి ఇకామాలు కావాలప్పా” అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను. మరునాడు పొద్దున్నే నాలుగు కట్టలు నా బల్ల మీదున్నాయి. పద్నాలుగో రూము కట్ట అన్నిటికంటే ముందొచ్చింది. అన్నీ నా స్టీలు బీరువాలో పెట్టి తాళం వేశాను. కార్డుల నకళ్ల మీద కంపెనీ స్టాంపు వేసి, పోలీసులడిగితే చూపించండని ఇచ్చాను. నకలు చూసి వదిలేసే పోలీసూ ఉంటాడు, బండెక్కించే పోలీసూ ఉంటాడు. అదీ నాకు తెలుసు.

బతాలో

శుక్రవారం బతా బజారంటే మనవాళ్ల తిరునాళ్లు. ఊరి కబుర్లు, గోంగూర, ఫోన్ కార్డులు, మెస్సుల్లో మటన్, అంతా అక్కడే. కూరగాయలు తీసుకుని వస్తుంటే రాజలింగం ఎదురొచ్చాడు. నాకోసమే నిలబడ్డాడని చూడగానే తెలిసిపోయింది. చాయ్ హోటల్లోకి తీసుకెళ్లాడు. చాయ్ వచ్చినా ముట్టుకోలేదు.

“సార్, నాకు తబూక్‌ల పని దొరికింది.”

“ఏం పని?”

“పంపు మనిషి. పెద్ద ఫారం సార్. గోధుమ చేన్లకు నీళ్లు వెట్టే మిషన్లుంటయి, గుండ్రంగ తిరుగుతయి. నువ్వు సూడలేదా?” ఫోన్ తీసి చూపించాడు. ఇసుక మధ్యలో పళ్లెంలాంటి పచ్చటి చేను, దాని మీద పొడుగాటి గొట్టం. “తొమ్మిదేండ్లాయె సార్, లెట్రిన్ల పైపులు సాఫ్ జేసుడే. ఇంటికాడ నా బోరు ఎండిపోయినంక చేన్ల నీళ్లు వారిందే సూడలే. గీ పని మల్ల దొర్కది. గ్రీన్ కంపెనీ. ఆదివారం పొద్దుగాల అసలు ఇకామా వట్టుకోని అక్కడుండాలె. రేపు బస్సెక్కాలె. దారిల చెక్‌పోస్టులున్నయి, నకలుతోని పోలేను.”

మనిషి ముఖం వెలిగిపోతోంది. అంత ఇదిగా ఆయన మాట్లాడడం తొమ్మిదేళ్లలో నేను వినలేదు.

“అదీగాక వయసయితున్నది సార్. ఇప్పుడు ఇంటికి వోతే మల్ల నన్ను ఎవడు తెచ్చుకుంటడు?”

నేను నాలుగు వైపులా చూశాను. ఎందుకు చూశానో ఏమో, ఖాదర్ సాబ్ ఆ హోటల్లో ఎందుకుంటాడు?

“సరే రాజలింగం. నీదొక్కటి రేప్పొద్దున ఆఫీసు వెనక గేటు దగ్గర ఇస్తా. ఎవరికీ చెప్పొద్దు. పోయిందని నేనేదో రాసుకుంటా.”

సంతోషపడతాడనుకున్నాను. ఆయన ఫోన్ ఆపి జేబులో పెట్టుకున్నాడు.

“నాదొక్కటేనా సార్?”

“మరి?”

“రూమోల్లయి?”

“వాళ్ల సంగతి నీకెందుకప్పా? నీకు పని దొరికింది, నువ్వు పో.”

“అట్లెట్ల సార్! ఎనిమిదీ నేనే పోగు జేసిన గద. నర్సయ్య ఇయ్యనన్నడు. కంపెనీ రెడ్‌ల ఉన్నదట, రెన్యువల్ ఎట్లయితదన్నడు. ‘మస్తాన్ సార్ అడిగిండు, మనోడు, ఏం గాదు’ అని నేనే గుంజుకున్న. ఇప్పుడు నాది నేను తీస్కోని బస్సెక్కితే, వాండ్లు నన్నేమంటరు? రేప్పొద్దుగాల ఏ మొకం వెట్టుకోని లేత్త? ఇత్తే ఎనిమిదీ ఇయ్యి సార్. నీకు దండం వెడుత.”

ఒక కార్డు పోయిందంటే నమ్ముతారు. ఎనిమిది పోయాయంటే నా ఉద్యోగం పోతుంది. నా ఇకామా మీద హుసేన్‌బీ ఉంది, తొమ్మిదో తరగతి చదివే కూతురుంది. నన్ను పంపిస్తే బడి మధ్యలో ముగ్గురమూ పోవాలి. ఇవన్నీ ఆయనకు చెప్పలేదు. “అన్నీ అంటే కుదరదు రాజలింగం. నీది కావాలంటే రా, పొద్దున ఏడింటికి ఉంటా” అని లేచాను.

శనివారం ఏడింటికి వెనక గేటు దగ్గర ఆయన కార్డు పట్టుకుని నిలబడ్డాను. ఏడున్నర దాకా చూశాను. రాలేదు. ఎనిమిదింటికి సైటుకు పోయే బస్సులో, కిటికీ పక్కన, పనిముట్ల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని కనిపించాడు. నన్ను చూసి తలాడించాడు కూడా. ఆ కార్డు మళ్లీ కట్టలో పెట్టి, రబ్బరు బ్యాండు వేసి, బీరువా మూశాను.

ఉద్యోగంలో నేను చేసిన తప్పులు చాలా ఉన్నాయి. ఒకసారి మనిషి పేరు తప్పు రాసి ఆయన సెలవు నెల ఆలస్యం చేయించాను. ఒకసారి ఒకరి మెడికల్ రిపోర్టు ఇంకొకరి ఫైల్లో పెట్టాను. అవన్నీ పొరపాట్లు, దిద్దుకున్నాను. ఇది పొరపాటు కాదు. అన్నీ తెలిసే చేశాను.

హుసేన్‌బీ

బుధవారం దాకా ఎవరితో ఏమీ అనలేదు. అన్నం సరిగా తినడం లేదని మా ఆవిడే కనిపెట్టి, పట్టుబట్టి అడిగింది. మొత్తం చెప్పాను. ఉద్యోగం సంగతీ చెప్పాను, కూతురి బడి సంగతీ చెప్పాను. అవి విని మెత్తబడుతుందనుకున్నాను.

“అయ్యో ఖుదా! వాళ్ల కార్డులు బీరువాలో దాచిపెట్టుకుని వచ్చి ఈ ఇంట్లో కూర్చుని కూడు తింటాండావా నువ్వు?” అంది. “ఆయప్ప మనింటికొచ్చి కొళాయి బాగుచేసినాడు. నేను పెట్టిందే తిన్నాడు. రెన్యువల్ అని అబద్ధం చెప్పడానికి నోరెట్టొచ్చింది నీకు?”

“ఉద్యోగం పోతే?”

“పోతే ప్రొద్దుటూరు ఉంది గదా! మనకు ఊరు లేదా? పో, ఇచ్చేసి రా. ఇచ్చేదాకా నాతో మాట్లాడొద్దు.”

ఆమె అన్నంత పనీ చేసింది. గురువారమంతా ఇంట్లో నాతో మాట్లాడింది మా కూతురొక్కతే.

శుక్రవారం నమాజు అయ్యాక ఆఫీసుకెళ్లి ముప్పై ఒక్క కార్డులూ సంచీలో వేసుకుని క్యాంపుకెళ్లాను. మెస్ హాల్లో అందరినీ పిలిపించాను. పేరు పిలిచి, ఎవరి కార్డు వాళ్ల చేతికే ఇచ్చి, అందిందని సంతకం పెట్టించుకున్నాను. రూము పెద్దమనుషులకు కట్టలు ఇవ్వలేదు.

నర్సయ్య తన కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, “రెన్యువల్ అయిందా సార్?” అన్నాడు.

“కాలేదు నర్సయ్యా. కాదు కూడా. మన కంపెనీ రెడ్‌లో ఉంది. మీ దగ్గర తీసుకున్నప్పుడే నాకు తెలుసు. గడువు ఇంకా మూడు వారాలుంది. గ్రీన్ కంపెనీ ఎవరికి దొరికితే వాళ్లు పోండి. కంపెనీ ఒప్పుకోవాల్సిన పని లేదు.”

వెనక నుంచి ఎవరో తిట్టారు. పచ్చి తిట్టే. పడాల్సిందే, పడ్డాను.

రాజలింగం అందరికంటే చివర వచ్చాడు. ముందు తన రూము వాళ్లందరి కార్డులూ ఒక్కొక్కటే అడిగి చూసుకున్నాడు, ఏడుగురివీ. ఆ తర్వాత తనది తీసుకున్నాడు. అక్కడే నిలబడి తబూక్‌కి ఫోన్ చేశాడు. రెండు నిమిషాలు ఉర్దూలో మాట్లాడి పెట్టేశాడు.

“సోమారమే పాకిస్తానాయిన్ను తీస్కున్నరట సార్” అన్నాడు.

ఆ తర్వాత

ఖాదర్ సాబ్ నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. “అరె, నా తోని చెప్పాలె కదా భాయ్! నేను నిన్ను ఇంట్లవాడనుకున్న!” అని చాలాసేపు అరిచాడు. ఆయన కళ్లలో నీళ్లు చూసి నాకు ఆశ్చర్యమేసింది. తనను మోసం చేశానని ఆయన నిజంగానే బాధపడ్డాడు. నెల తిరిగేసరికి నన్ను తాయిఫ్ స్టోరుకు మార్చారు. అక్కడ పైపులు, బల్బులు లెక్కపెట్టుకుంటూ మూడేళ్లున్నాను. నాలుగో ఏడు విదేశీయుల కుటుంబాల మీద లెవీ పన్ను వచ్చింది. హుసేన్‌బీనీ కూతురినీ ముందు పంపి, ఒక ఏడాది ఒంటరిగా ఉండి, నేనూ వచ్చేశాను. ఆ సంగతులు ఇక్కడ అనవసరం. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లందరికీ అలాంటి కథలుంటాయి.

ఈ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లతో ఒకటి చెప్తాను. మీకు కంపెనీ కుర్చీ ఇస్తుంది, ఏసీ ఇస్తుంది, మీ భాష వాళ్ల మీద చెయ్యి వేసి మాట్లాడే పని ఇస్తుంది. మీ భాషే కంపెనీకి కావాల్సింది. చిట్టీ లేకుండా కాగితం చేతికొచ్చేది దానివల్లే. కాబట్టి అవతలివాడు వద్దన్నా చిట్టీ రాసివ్వండి. ఎందుకు తీసుకుంటున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. చెప్పడానికి నోరు రాకపోతే తీసుకోకండి. ఇంతకంటే నాకు తెలిసిన జ్ఞానం లేదు.

పద్నాలుగో రూములో ఏడుగురికి గడువు లోపలే పనులు దొరికాయి. నర్సయ్యకు మొట్టమొదట దొరికింది. రాజలింగం మూడు వారాలూ తిరిగాడు. వెళ్లిన చోటల్లా ముందు వయసడిగారు. నలభై తొమ్మిది అనగానే కార్డు వెనక్కిచ్చేశారు. ఎగ్జిట్ వేయించుకున్నాడు. తర్వాత సర్కారు గడువు పెంచింది. పెంచే వేళకు ఆయన జగిత్యాల చేరిపోయాడు.

ఎయిర్‌పోర్టుకు నేనే తీసుకెళ్లాను. అప్పటికింకా నన్ను తాయిఫ్‌కు మార్చలేదు. దారి పొడుగునా ఆయన ఎండిపోయిన ఆ బోరు సంగతి చెప్తూ కూర్చున్నాడు, ఇంకో వంద ఫీట్లు దింపితే పడుతుందేమో చూడాలని. పెట్టె తూకం వేయించి వచ్చాక ఇక ఆపుకోలేకపోయాను.

“రాజలింగం, నా వల్ల నీకు తబూక్ పోయింది. నన్ను క్షమించప్పా.”

ఆయన కంగారుపడిపోయాడు. నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

“అయ్యో, అట్లెందుకంటవు సార్! నీ తప్పేం లేదు. నువ్వు ఇత్తనే అన్నవు గద. నేనే తీస్కోలె.”

మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ మాట నమ్ముతూనే లోపలికి వెళ్లిపోయాడు. వెనక్కి పిలిచి, అది నిజం కాదని చెప్పాల్సింది. చెప్పలేదు. ఆయన అడిగింది ఎనిమిది. నేను ఇస్తానన్నది ఒకటి. బతాలో కూర్చున్న ఆ శుక్రవారం ఎనిమిదీ నా బీరువాలోనే ఉన్నాయి, తాళంచెవి నా జేబులోనే ఉంది.